రాత్రి ఇంటికెళ్లాక ఆ గూఢచారి ఏం చేస్తాడు?

1964 సెప్టెంబర్ 22న అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో ఒక గూఢచారి సీరియల్ మొదలైంది. పేరు 'ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్'. 1968 జనవరిలో, నాలుగో సీజన్ నడుమ ఉండగానే ఆపేశారు. మొత్తం 105 ఎపిసోడ్లు. మామూలుగా అయితే అక్కడితో కథ అయిపోవాలి. కానీ అందులోని ఇద్దరు గూఢచారులు, నెపోలియన్ సోలో, ఇల్యా కుర్యాకిన్, వీళ్ల మీద అభిమానులు రాసే కథలు ఇప్పటికీ ఆగలేదు. సీరియల్ ఆగిపోయాక ఎన్నో ఏళ్లకి పుట్టినవాళ్లు కొత్తవి రాస్తున్నారు. ఎనభైల్లో టైపు కొట్టి, జిరాక్సు తీసి, పోస్టులో పంచుకున్న కథల్ని ఇప్పటికీ మళ్లీ మళ్లీ తీసి చదివేవాళ్లున్నారు. ఆ పాఠకుల్లో నేనూ ఉన్నాను.

బయటినుంచి చూసేవాళ్లకి ఇది అర్థం కాదు. గొప్ప నవలని పదిసార్లు చదవచ్చు, సరే. అరవయ్యేళ్ల కిందటి టీవీ సీరియల్, అందులోనూ కథ పలచన, దాని మీద ఎవరో పరాయివాళ్లు అల్లిన కథ, అది ఇన్నిసార్లు చదవడానికి ఏముంది? చదివిందే చదువుతున్నవాళ్లు మళ్లీ కొత్తవాటి కోసం వెతకడం ఏమిటి? నా ఉద్దేశంలో ఈ రెండూ ఒకే పని. ఆ సీరియల్ కొన్ని ఖాళీలు వదిలి వెళ్లింది. పాత కథకి మళ్లీ వెళ్లినా, కొత్త కథ వెతికినా, మనం వెళ్లేది ఆ ఖాళీల దగ్గరికే.

ముందు ఆ సీరియల్ ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. నిర్మాత నార్మన్ ఫెల్టన్, కథాప్రపంచాన్ని తీర్చిదిద్దింది శామ్ రోల్ఫ్. మొదట్లో జేమ్స్ బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్‌ని కూడా సలహా అడిగారు. ఆయన చేయి వేసినదాంట్లో చివరిదాకా నిలిచింది ముఖ్యంగా నెపోలియన్ సోలో అన్న పేరు. అంకుల్ అనేది ఏ ఒక్క దేశానిదీ కాని గూఢచారి సంస్థ. ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూసే 'థ్రష్' అనే ముఠా దాని శత్రువు. ఆ ముఠాకీ దేశం లేదు. క్యూబా క్షిపణుల సంక్షోభంలో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్లి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అలాంటి సమయంలో ఒక అమెరికన్‌నీ ఒక రష్యన్‌నీ పక్కపక్కన నిలబెట్టి, ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టింది ఈ సీరియల్. ఇది చాలా పెద్ద సాహసం.

ఆ సంస్థ ఆఫీసుకి వెళ్లే దారి చూడండి. న్యూయార్క్‌లో ఒక మామూలు టైలర్ షాపు, పేరు డెల్ ఫ్లోరియా. ఏజెంటు లోపలికి వస్తాడు. టైలర్ తన ఇస్త్రీ మిషన్ నొక్కుతాడు. ఏజెంటు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి, తెర లాగి, గోడకున్న కొక్కెం తిప్పుతాడు. గోడ తెరుచుకుంటుంది. అవతల ఉక్కురంగు గోడలు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి. ఆమె అతని కోటుకి త్రికోణాకారం బ్యాడ్జి తగిలిస్తుంది. సోలో బ్యాడ్జి మీద 11, ఇల్యా బ్యాడ్జి మీద 2, పెద్దాయన అలెగ్జాండర్ వేవర్లీది 1. ఇద్దరిలో సోలో పై ఉద్యోగి కదా, మరి రష్యన్‌కి 2 ఎందుకు? సీరియల్ చెప్పదు. ఈ ఒక్క అంకె మీద ఎన్ని వాదనలు, ఎన్ని కథలు నడిచాయో! ఎపిసోడ్ అయిపోయాక తెర మీద ఒక అక్షరాల అట్ట పడుతుంది: 'యునైటెడ్ నెట్‌వర్క్ కమాండ్ ఫర్ లా అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్' (అంకుల్ పూర్తి పేరు ఇదే) వారి సహకారం లేకపోతే ఈ కార్యక్రమం సాధ్యమయ్యేది కాదని, వారికి కృతజ్ఞతలనీ. లేని సంస్థకి కృతజ్ఞతలు చెప్పిన సీరియల్ అది. ఇదంతా నిజమే అనుకుని చూడండి అని ప్రేక్షకుడికి అది తనంతట తనే చనువిచ్చింది. అభిమానులు ఆ చనువు తీసుకున్నారు.

అసలు ఖాళీ మాత్రం ఇల్యా కుర్యాకినే. మొదటి ఎపిసోడ్‌లో ఆ పాత్రకి ఉన్నవి రెండు మూడు మాటలు. వేషం వేసింది గ్లాస్గోలో పుట్టిన డేవిడ్ మెకల్లమ్. నల్ల హైనెక్ స్వెటర్, నుదుటిమీద పడే బంగారురంగు జుట్టు, ముక్తసరి మాట. జనం వెర్రెత్తిపోయారు. ఎంజీఎం స్టూడియో చరిత్రలో అంతకుముందు ఏ నటుడికీ రానన్ని అభిమానుల ఉత్తరాలు అతనికి వచ్చాయని చెబుతారు. పక్కపాత్ర కాస్తా రెండో హీరో అయింది. అప్పుడు రచయితలు అతనికి వెనకటి కథ తగిలించి ఉండొచ్చు. అలా చేయలేదు. ఒక ఎపిసోడ్‌లో చదువు గురించి ఒక ముక్క, ఇంకోదాంట్లో సోవియట్ నౌకాదళం గురించి ఒక సూచన, అంతే. మెకల్లమ్ కూడా దాన్ని కావాలనే అలా ఉంచాడు. రాత్రి ఇంటికెళ్లాక ఇల్యా కుర్యాకిన్ ఏం చేస్తాడో ఎవరికీ తెలియదని ఆయనే అన్నాడు. అభిమాన కథల్లో సగం ఆ ఒక్క మాటకి జవాబులే అనిపిస్తుంది నాకు.

ఇక్కడ గూఢచారి కథకే ఉన్న ఒక లక్షణం చూడాలి. ఆ కాలపు సీరియళ్లలో ప్రతి వారం ఒక కొత్త కేసు. ఈ వారం ఇల్యాని గొలుసులతో కట్టి కొరడాతో కొడతారు. వచ్చే వారం అతను నలగని స్వెటర్‌తో, ఒంటిమీద గీత లేకుండా ఆఫీసులో కూర్చుని ఉంటాడు. గాయం ఎప్పుడు మానింది? ఆ రాత్రి నిద్ర పట్టిందా? పక్కన ఎవరున్నారు? టీవీకి ఆ ప్రశ్నలు అక్కర్లేదు, దానికి కావలసింది వచ్చే వారం కేసు. అభిమాన రచయితలకి మాత్రం కావలసింది అదే. గాయం, దాన్ని మాన్పడం, ఆ పక్కన కూర్చున్న మనిషి. ఈ తరహా కథలకి అభిమానుల లోకంలో హర్ట్ కంఫర్ట్ అని పేరు. గూఢచారుల సీరియళ్లు దీనికి బాగా కుదిరినట్టు ఇంకేవీ కుదరవు. ఎందుకంటే గూఢచారికి తన బాధ చెప్పుకోవడానికి మనిషి ఉండడు. పెళ్లాం, అమ్మ, ఇరుగుపొరుగు, ఎవరికీ అతను చేసే పని తెలియకూడదు. అసలు సంగతి తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే, పక్కన తుపాకి పట్టుకుని నిలబడ్డ భాగస్వామి. డాక్టర్ సీరియల్‌కీ పోలీసు సీరియల్‌కీ ఇంత ఇరుకు లేదు.

మన భాషలో ఇలాంటి పని ఏనాడో జరిగింది. 'ఊర్మిళాదేవి నిద్ర' పాట ఆడవాళ్ల నోళ్లలో తరాలపాటు బతికింది. రామాయణం లక్ష్మణుడి వెంట అడవికి వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలిన ఊర్మిళ సంగతి దానికి పట్టలేదు. పాట ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు గదిలోకి వస్తే ఆమె గుర్తుపట్టదు. ఎవరో పరాయి మగవాడు వచ్చాడని భయపడి, మావాళ్లకి తెలిస్తే నీ గతేమవుతుందో అని హెచ్చరిస్తుంది. వీరుడు ఇంటికి వచ్చాక ఏం జరుగుతుంది అన్నదే ఆ పాటలో ప్రశ్న. ఇల్యా మీద కథ రాసే అమ్మాయి అడిగేదీ అదే. ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. రామాయణం అందరిదీ, పాట కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టీవీ పాత్రకి యజమాని ఉన్నాడు.

చట్టం ముడి అక్కడే పడింది. పాత్రల మీద హక్కు స్టూడియోది. అనుమతి తీసుకుని రాసినవి అధికారిక నవలలు. అంకుల్ మీద అమెరికాలో ఏస్ బుక్స్ అచ్చేసిన పేపర్‌బ్యాకులే 23 ఉన్నాయి. అనుమతి లేకుండా రాసింది అభిమాన కథ. అమెరికా కాపీరైట్ చట్టంలో 'ఫెయిర్ యూజ్' అనే వెసులుబాటు ఉంది. మూలాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిపెట్టకుండా దాన్ని వేరే అర్థంలోకి మార్చారా, అమ్ముకున్నారా లేదా, మూలం అమ్మకాలకి దెబ్బ తగిలిందా, ఇలాంటివి చూసి కోర్టు తేలుస్తుంది. అంటే ఏ కథకి ఆ కథే. మొత్తం అభిమాన కథలన్నిటికీ కలిపి ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని గీసిన గీత లేదు. అందుకే అభిమానులు మొదటినుంచీ ఒక నియమం గట్టిగా పట్టుకున్నారు: డబ్బు తీసుకోకూడదు. కాగితం పత్రికల రోజుల్లో కూడా అచ్చు ఖర్చు, పోస్టు ఖర్చు రాబట్టుకోవడం వరకే. ఈ నియమం భయంతో పుట్టి ఉండొచ్చు. కానీ దానివల్ల ఈ కథలకి ఒక స్వేచ్ఛ వచ్చింది. అమ్మాలన్న తొందర లేదు, పేజీల లెక్క లేదు, ఎడిటర్ కోసం ముగింపు మార్చడం లేదు. రెండు పేజీల్లో అయిపోయే కథ, మూడు నవలలంత కథ పక్కపక్కనే ఉంటాయి.

అధికారిక నవలకీ అభిమాన కథకీ మధ్య గోడ కూడా అంత గట్టిది కాదు. థ్రష్ అన్న పొడి అక్షరాలకి పూర్తి పేరు ఏమిటో సీరియల్ ఎప్పుడూ చెప్పలేదు. పేపర్‌బ్యాకులు రాసినవాళ్లలో డేవిడ్ మెక్‌డానియల్ అనే ఆయన దానికి ఒక పూర్తి పేరు కల్పించాడు. అక్కర్లేనివాళ్లని తొలగించి మానవాళిని లొంగదీసుకునే సాంకేతిక వ్యవస్థ అని దాని సారాంశం. అభిమానులకి అది నచ్చేసింది. ఇప్పుడు దాన్ని సీరియల్‌లోనే విన్నట్టు చెప్పేవాళ్లు కోకొల్లలు. తెర మీద చూపించింది కానన్, అభిమానులు తమలో తాము ఒప్పుకుని నడిపించేది ఫ్యానన్. ఎన్నో ఏళ్లు చదివినవాళ్లకి రెండింటి మధ్య హద్దు చెరిగిపోతుంది. మళ్లీ ఎపిసోడ్ చూసినప్పుడు 'అరె, ఆ సంగతి ఇందులో లేదే' అని ఆశ్చర్యం కలుగుతుంది. అది ఏ కథలో చదివామో వెతుక్కుంటూ పాత కథల దగ్గరికి వెళ్తాం.

చరిత్ర విషయంలో ఒక మాట. టీవీ అభిమానుల కథా సంప్రదాయానికి మూలం స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ అని అందరూ అంటారు. 1967లో వచ్చిన 'స్పాకనేలియా' అనే అభిమాన పత్రికని దానికి గుర్తుగా చూపిస్తారు. కానీ అప్పటికే అంకుల్ అభిమానులు ఉన్నారనీ, మొదలు అక్కడినుంచి లెక్కపెట్టాలనీ చరిత్రకారుల్లో వాదన ఉంది. నేను రెండో పక్షం. 1964 నవంబర్‌లో వచ్చిన ఒక అంకుల్ ఎపిసోడ్‌లో విలియం షాట్నర్, లెనార్డ్ నిమోయ్ ఇద్దరూ అతిథి పాత్రల్లో కనిపిస్తారు, స్టార్ ట్రెక్‌లో కలవడానికి రెండేళ్ల ముందు. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మూడో సీజన్‌కి సీరియల్ దారి తప్పింది. 1966లో బ్యాట్‌మ్యాన్ సీరియల్ వెటకారపు ధోరణి హిట్టయింది కదా అని దీన్నీ అటు లాగారు. సోలో గొరిల్లాతో డాన్సు చేసే ఎపిసోడ్ ఒకటుంది. ప్రేక్షకులు తగ్గారు. నాలుగో సీజన్‌లో మళ్లీ గంభీరంగా మార్చినా ఆలస్యమైపోయింది. పాత్రలకి వీడ్కోలు కూడా సరిగా లేదు. ఈ అర్ధాంతరపు ఆగిపోవడమే కథలకి పెద్ద ఇంధనం.

1983లో ఇంకో వరం దొరికింది. సీబీఎస్ చానల్ పదిహేనేళ్ల తర్వాత పాత నటులిద్దరితో ఒక టీవీ సినిమా వేసింది. అందులో సోలో కంప్యూటర్ల వ్యాపారంలో ఉంటాడు, ఇల్యా ఫ్యాషన్ డిజైనర్. ఒక కేసులో ద్రోహం జరిగి, అమాయకురాలు ఒకామె చనిపోవడంతో ఇల్యా ఉద్యోగం వదిలేశాడని చెబుతారు. చెప్పి ముందుకు వెళ్లిపోతారు. ఆ పదిహేనేళ్లలో ఏం జరిగింది? ఇద్దరూ మాట్లాడుకున్నారా? ఉద్యోగం వదిలిన రోజు సోలో ఎక్కడున్నాడు, ఆపడానికి ప్రయత్నించాడా? సినిమాకి సమయం లేదు. ఎనభైల్లో వచ్చిన అభిమాన పత్రికల్లో ఆ పదిహేనేళ్ల మీద వచ్చిన కథలు నాకు అన్నిటికన్నా ఇష్టం. అవి కుర్రాళ్ల సాహసాలు కావు. నడివయసు మగవాళ్లిద్దరు, ఒకరి తప్పు ఒకరు మోస్తూ, చెప్పాల్సిన మాట చెప్పలేక కూర్చోవడం. ఇరవైల్లో చదివినప్పుడు వీటిలో కేసు ఎప్పుడు మొదలవుతుందా అని పేజీలు తిప్పేశాను. ఇప్పుడు కేసు మొదలయ్యేసరికి అప్పుడే వచ్చేసిందా అనిపిస్తుంది.

పాత కథ మళ్లీ చదవడంలో ఉన్న లోతు ఇక్కడ కనిపిస్తుంది. మనం మారడం ఒకటి, లోకం మారడం ఇంకొకటి. 1985లో ఇలాంటి కథ రాసినామెకి సోవియట్ యూనియన్ 1991లో పోతుందని తెలియదు. ఆమె కథలో మాస్కో నుంచి ఇల్యాకి పిలుపు వస్తుందేమో అన్న భయం నిజం భయం, దానికి చివర కనిపించదు. ఇప్పుడు రాస్తున్న కథలో అదే భయం ఉన్నా, రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ ముగింపు తెలుసు. అందుకని కొత్త కథలు భయం మీద కాకుండా వేరేచోట బరువు పెడతాయి: ఆ దేశమే లేకుండా పోయాక ఆ ముసలి మనిషి ఏ ఊరివాడు? రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే మనిషి రెండు శతాబ్దాల్లో నిలబడ్డట్టు ఉంటుంది.

కొత్త రచయితలు చేసిన ఇంకో మంచి పని, వయసు లెక్క కట్టడం. ఇల్యాకి నటుడి వయసే ఉందనుకుందాం. మెకల్లమ్ 1933లో పుట్టాడు. అంటే 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడ్డప్పుడు ఆ పిల్లాడికి ఏడో ఎనిమిదో ఏళ్లు. ఏ ఊళ్లో ఉన్నాడు? లెనిన్‌గ్రాడ్ అనుకుంటే, 1941 సెప్టెంబర్ నుంచి 1944 జనవరి దాకా సాగిన ఆ ముట్టడిలో లక్షలమంది ఆకలితో పోయారు. సోలో సంగతి సీరియల్‌లోనే ఉంది, కొరియా యుద్ధంలో పనిచేసినవాడు. 1950-53 మధ్య ఆ యుద్ధంలో ఉత్తర కొరియా వెనక నిలబడింది సోవియట్ యూనియన్. ఇప్పుడు ఇద్దరూ ఒకే కారులో కూర్చుని శాండ్‌విచ్ తింటున్న ఎపిసోడ్ సీను ఊహించుకోండి. ఒకడు చిన్నప్పుడు రొట్టెముక్క గ్రాముల్లో తూచి తిన్నవాడు. ఇంకొకడు ఆ దేశం ఆయుధాలిచ్చిన సైన్యం మీద కాల్చినవాడు. ఇవన్నీ తెర మీద లేవు. కానీ తేదీలు కలిపితే ఉన్నాయి. మంచి అభిమాన కథ చేసేది ఇదే: లేనిది అతికించదు, ఉన్నదాన్ని లెక్కగట్టి బయటికి తీస్తుంది.

ప్రేమ కథల సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. సోలో, ఇల్యాల మధ్య ప్రేమ రాసిన కథలు చాలా ఉన్నాయి. ఈ తరహాని స్లాష్ అంటారు. కొందరు తెలుగు పాఠకులు ఇక్కడ ఆగిపోతారు, అది వాళ్ల ఇష్టం. కానీ వీటిలో మంచివి కాలాన్ని ఎంత పట్టించుకుంటాయో చూడండి. 1953లో ఐసన్‌హోవర్ సంతకం చేసిన 10450వ ఉత్తర్వు కింద అమెరికా ప్రభుత్వోద్యోగాల్లోంచి స్వలింగ ప్రేమికుల్ని ఏరి తీసేశారు. శత్రుదేశం బెదిరించి రహస్యాలు లాగుతుందని కారణం చెప్పారు. సోవియట్ రష్యాలో శిక్షాస్మృతి 121వ సెక్షన్ కింద మగవాళ్లకి జైలే. అది 1993 దాకా పోలేదు. అంటే ఇద్దరి దేశాలూ దేనిమీదా ఏకీభవించని రోజుల్లో దీనిమీద ఏకీభవించాయి. రహస్యం ఉద్యోగమైన ఇద్దరికి ఇంటి గుమ్మం లోపల కూడా రహస్యమే. ఈ బరువు తెలిసి రాసిన కథ ఒక రకం, 1964లో ఇద్దరూ చేతులు పట్టుకుని ఐదో ఎవెన్యూలో నడిచే కథ ఇంకో రకం. రెండోది నాకు పనికిరాదు.

ఇవన్నీ మనదాకా ఎలా వచ్చాయన్నది ఇంకో కథ. బ్రిటన్‌లో 1977 నుంచి 1983 దాకా 57 ఎపిసోడ్లుగా వచ్చిన 'ద ప్రొఫెషనల్స్' అనే సీరియల్ ఉంది. బోడీ, డోయల్ అనే ఇద్దరు ఏజెంట్లు, కౌలీ అనే పైవాడు. దాని అభిమానులు చాలా కథల్ని పత్రికగా కూడా వేయలేదు. విడి కాగితాల మీద టైపు కొట్టారు. ఎవరికైనా చదవాలని ఉంటే ఆ కథల లైబ్రరీ చూసుకునేవాళ్లకి ఉత్తరం రాయాలి. కట్ట పోస్టులో వస్తుంది. జిరాక్సు తీసుకుని కట్ట తిరిగి పంపాలి. ఈ చుట్టు తిరుగుడుకి సర్క్యూట్ అని పేరు. జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు తీయగా కొన్ని కథల్లో అక్షరాలు అలుక్కుపోయాయి. రచయిత పేరున్న మొదటి పేజీ పోయి, ఎవరు రాశారో తెలియని కథలూ ఉన్నాయి. అయినా మనుషులు వాటిని దాచుకున్నారు.

ఇంటర్నెట్ వచ్చాక ఇక ఏదీ పోదు అనుకున్నారు. పోయాయి. అభిమానులు తమ కథల పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ని 2009 అక్టోబర్‌లో మూసేశారు. ఎవరో ఇష్టపడి పెట్టుకున్న చిన్న చిన్న సైట్లు అద్దె కట్టేవాళ్లు లేక మాయమయ్యాయి. అభిమానులు 2007లో సొంతంగా ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని, 2009లో 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' తెరవడానికి ఈ భయం కూడా ఒక కారణం. ప్రకటనలు లేవు, విరాళాలతో నడుస్తుంది, సర్వర్లు సంస్థవే. ఇప్పుడు అన్ని రకాల అభిమాన కథలూ కలిపి అక్కడ కోటికి పైగా ఉన్నాయి. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు వచ్చింది. మూతపడబోతున్న పాత సైట్ల కథల్ని తెచ్చి అక్కడ చేర్చడానికి 'ఓపెన్ డోర్స్' అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. కాగితం పత్రికల్ని అయోవా విశ్వవిద్యాలయం, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తమ ప్రత్యేక సేకరణల్లో భద్రపరుస్తున్నాయి.

ఆ ఆర్కైవ్‌లో ఒక ఏర్పాటు నాకు చాలా గౌరవం కలిగించింది. రచయితకి ఉద్యోగమో, పెళ్లో, ఇంకేదో కారణం వచ్చి తన పేరు ఆ కథల మీద ఉండకూడదనిపిస్తే, కథ చెరిపేయక్కర్లేదు. పేరు మాత్రం తీసేసి, కథని 'ఆర్ఫన్ అకౌంట్' కింద వదిలేయొచ్చు. రాసిన మనిషి వెళ్లిపోవచ్చు, చదువరికి కథ మిగులుతుంది. ఒక కథని మూడోసారో నాలుగోసారో చదవాలని వెళ్లి, అది లేకపోవడం చూసినవాళ్లకి ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

2015లో గై రిచీ ఈ సీరియల్‌ని సినిమాగా తీశాడు. 1963లో సీఐఏ సోలో, కేజీబీ ఇల్యా మొదటిసారి ఎలా కలిశారన్నది అందులో కథ. ఆ ఇల్యా ఆరడుగులు దాటిన కోపిష్టి, సీరియల్‌లోని పొదుపు మనిషికి పోలిక లేదు. పాతవాళ్లలో కొందరు నొచ్చుకున్నారు. నేను మాత్రం ఆ సినిమాకి రుణపడి ఉన్నాను. దాని ద్వారా వచ్చిన కొత్త పాఠకులు ఇదెక్కడినుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్లి నలుపు తెలుపు ఎపిసోడ్లు చూశారు. కొన్నేళ్లుగా ఎవరూ పలకరించని కథల కింద మళ్లీ స్పందనలు కనిపించాయి.

మెకల్లమ్ తర్వాత 'ఎన్‌సీఐఎస్' సీరియల్‌లో డకీ అనే ముసలి డాక్టర్‌గా ఇరవయ్యేళ్లు కనిపించాడు. అందులో ఒకసారి డకీ వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేవాడని అడిగితే, 'ఇల్యా కుర్యాకిన్‌లా' అని జవాబొస్తుంది. అభిమానులకి ఇంకేం కావాలి? డకీయే మారుపేరుతో బతుకుతున్న ఇల్యా అని కథలు వచ్చాయి. సోలో వేషం వేసిన రాబర్ట్ వాన్ 2016లో, మెకల్లమ్ 2023 సెప్టెంబర్‌లో తొంభయ్యేళ్ల వయసులో వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన కథలు చదివేటప్పుడు నటుడి లోటు, పాత్ర లోటు విడదీయడం నావల్ల కాలేదు.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా సలహా ఇది. ముందు మొదటి సీజన్‌లో నాలుగైదు ఎపిసోడ్లు చూడండి, పాత్రల గొంతు చెవిన పడాలి. ప్రతి దాంట్లో ఒక మామూలు మనిషి, ఒక గృహిణో గుమాస్తానో, అనుకోకుండా ఈ వ్యవహారంలో ఇరుక్కుంటారు. ఆ మనిషి కళ్లతో చూడండి. తర్వాత ఆర్కైవ్‌లో వెతికేటప్పుడు సీరియల్‌కీ 2015 సినిమాకీ ట్యాగులు వేరని గుర్తుంచుకోండి, లేకపోతే వేరే ఇల్యా ఎదురవుతాడు. రెండు పేర్ల మధ్య ఏటవాలు గీత (/) ఉంటే ప్రేమ కథ, ఆంపర్‌సాండ్ గుర్తు (&) ఉంటే స్నేహం కథ. ఎక్కువమంది మెచ్చినవి ముందు వచ్చేట్టు పెట్టుకోవడం తేలిక, కానీ అక్కడే ఆగిపోవద్దు. పాతవాటికి మెచ్చుకోళ్ల మీట అప్పట్లో లేదు కాబట్టి అవి ఎప్పుడూ అడుగున ఉంటాయి. పాత పత్రికలనుంచి ఎక్కించినవాటి కోసం విడిగా వెతకండి. చెత్త కూడా చాలా తగులుతుంది. మొదటి పేజీలో సోలో మాట సోలోలా వినిపించకపోతే మొహమాటపడకుండా మూసేయండి. నచ్చితే కింద ఒక వాక్యం రాయండి, రాసినామె ఇప్పుడు డెబ్బై దాటి ఉండొచ్చు, ఆమెకి ఈమెయిల్ వెళ్తుంది. మూడో సీజన్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.